మూతలేని కజ్జికాయలు

పొద్దున్న ఎనిమిది. మంచు ఇంకా విడలేదు. ఆశ్రమం వంటింటి గుమ్మంలో నిలబడితే వాకిట్లో ఉన్న నీళ్ళ డ్రమ్ము కూడా కనబడటం లేదు.

మంగతాయారు ఆ గుమ్మంలోకి వచ్చి చూడటం అది ఎన్నోసారో ఆవిడకే తెలియదు.

చీకటితోనే ఇంటిల్లిపాదీ జీపెక్కి, కొండ కొసన నిలబడి మబ్బులు చూసొస్తామని వెళ్ళారు. భర్త, అత్తగారు, మరిది, ఇద్దరు కొడుకులు, కూతురు. టిఫిను వేళకి వచ్చేస్తామన్నారు. టిఫిను వేళ అయింది. ఉప్మా గట్టిపడింది. జీపు లేదు. ఫోనుకి సిగ్నలు లేదు.

పోయిన నెల చిన్నాడి బండి జారింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. వాడు మూడోనాటికి మళ్ళీ బండెక్కాడు. మంగతాయారుకి మాత్రం ఆనాటి నుంచి కంటిమీద కునుకు లేదు. ఎవరైనా వీధి చివరి కొట్టుకి వెళ్ళినా "చేరావా?" అని ఫోను చేసేది. అందుకే అనకాపల్లి నుంచి అందర్నీ వెంటబెట్టుకుని గురువుగారి దగ్గరికి వచ్చింది. రాగానే అడిగింది.

"భయం పోవడానికి ఏదైనా మంత్రం ఇవ్వండి స్వామీ."

"రేపు పొద్దున్నే వంటింట్లోకి రా తల్లీ" అన్నారాయన.

ఆయన పేరు నిర్లేపానంద స్వామి. ఏదీ అంటనివాడని అర్థం. ఎప్పుడు చూసినా మోచేతులదాకా మైదా అంటుకునే ఉంటుంది. పూర్వాశ్రమంలో విశాఖపట్నంలో బేకరీలో పనిచేశారని చెప్పుకుంటారు. అడిగితే ఆయన అవుననరు, కాదనరు, ఇంకో టార్టు చేతిలో పెడతారు.

ఆ కొండమీద తోటల్లో స్ట్రాబెర్రీలు కాస్తాయి. చితికినవీ, బుట్టలోకి ఎక్కనివీ ఆశ్రమానికి వస్తాయి. వాటిని బెల్లంతో ఉడికించి, జీడిపప్పు పలుకులు కలిపి, చిన్న చిన్న మైదా గిన్నెల్లో నింపి ఓవెన్లో కాలుస్తారు. అదే ప్రసాదం. "వీటిని టార్టులంటారర్రా" అని స్వామి ఎంత చెప్పినా ఊళ్ళోవాళ్ళు వినరు. మూతలేని కజ్జికాయలు అంటారు.

ఆ పొద్దున్న స్వామి ఒక గిన్నె ఒత్తి చూపించి, "ఇక కానీ తల్లీ" అని స్ట్రాబెర్రీల తొడిమలు తీస్తూ కూర్చున్నారు.

మంగతాయారు చేతులు వాటి దారిన అవి పనిచేశాయి. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. పళ్ళెం నిండాక స్వామి లేచి చూశారు. ప్రతి గిన్నె మీదా మైదా మూత. అంచు చుట్టూ జడ అల్లినట్టు మెలికలు.

వంటింట్లో పనిచేసే పైడితల్లి పకాలున నవ్వింది. "ఓలమ్మా! అన్నిటికీ మూతలెట్టీసింది! ఇయి అచ్చంగా కజ్జికాయలే స్వామే!"

మంగతాయారు నాలిక్కరుచుకుంది. "అలవాటు స్వామీ. అలా తెరిచి వదిలెయ్యడానికి చెయ్యి ఒప్పుకోలేదు."

"బాగానే ఉన్నాయి. లోపల ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మూత విప్పి చూస్తే తెలుస్తుంది."

"ఓహో" అన్నారు స్వామి.

పీట మీద కూర్చుని మూతలన్నీ ఒక్కొక్కటే ఊడదీశారు. ఊడదీసినవి ముద్ద చేసి ఆవిడ చేతిలో పెట్టారు.

"పట్టుకో."

"దీన్నేం చెయ్యమంటారు?"

"పట్టుకోమంటున్నాను."

పళ్ళెం ఓవెన్లోకి వెళ్ళింది. మంగతాయారు ఓవెన్ తలుపు తీసి చూసింది. తెల్లగా ఉంది. మూసింది. గుమ్మంలోకి వెళ్ళి చూసింది. అక్కడా తెల్లగానే ఉంది. మళ్ళీ వచ్చి ఓవెన్ తీసింది.

"ఓవెన్ ఊపిరి తీసుకోనీ తల్లే" అంది పైడితల్లి. ఎవరు వింటారు?

వేడి నిలవక ఆ వాయి పాడైంది. తడిసిన అట్టముక్కల్లా వచ్చాయి. పైడితల్లి ఒకటి కొరికి, పళ్ళు విడిపడక, చేత్తో సైగ చేసి చెప్పింది బాగాలేదని. పళ్ళెం దూడ ముందుకి వెళ్ళింది. దూడ కూడా కాసేపు ఆలోచించింది.

రెండో వాయి ఓవెన్లో పెట్టాక పాలు పోసే సోములు వచ్చాడు. "పై మలుపు కాడ ఏదో బండి పక్కకి ఒరిగిపోనాదంట స్వామే. మంచులో ఏ బండో తెలవలేదంట."



స్వామి టార్చిలైటు తీసి సోములుకిచ్చారు. "చూసి రా. పరిగెత్తకు." వాడు పాలక్యాను అక్కడే దించి వెళ్ళాడు.

మంగతాయారు పిడికిలి బిగించింది. పిడికిట్లో ముద్ద వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చింది. "నేనూ వెళ్తాను."

"ఈ మంచులో నిన్ను వెతకడానికి పైడితల్లిని పంపాలి. దాన్ని వెతకడానికి నేను వెళ్ళాలి. ఓవెన్ ఎవరు చూస్తారు?"

ఏం చెయ్యాలో తెలియక ఆవిడ ఓవెన్ తలుపు తీసింది.

స్వామి లేచారు. గుమ్మం దాకా నడిచి, తలుపు బార్లా తీసి, మంచులోకి చూశారు. "జీపు రాలేదు" అన్నారు. తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

ఆవిడ మళ్ళీ ఓవెన్ తీసింది. ఆయన మళ్ళీ లేచారు. మోకాళ్ళు టకటకమన్నాయి. తలుపు తీశారు. చలిగాలి వచ్చి మైదా అంతా లేపింది. "ఇంకా రాలేదు."

మూడోసారీ అంతే. పైడితల్లి నవ్వాలో మానాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది.

నాలుగోసారికి మంగతాయారుకి ఒళ్ళు మండింది. గురువని కూడా చూడలేదు. "మీరలా మాటిమాటికీ తలుపు తీసి చూస్తే జీపు తొందరగా వచ్చేస్తుందా స్వామీ? చలి రావడం తప్ప!"

"రాదా?" అన్నారు స్వామి, నిజంగానే తెలియనట్టు.

ఓవెన్ పిడి మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

కాసేపటికి చెయ్యి తీసేసింది. పిడికిట్లో ముద్ద పక్కన పెట్టి, పీట వాల్చుకుని గోడకి ఆనుకుంది. స్వామి ఇంకో పీట తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. భయం ఎక్కడికీ పోలేదు. దానికీ ఒక పీట వేసినట్టయింది.

ముందు వెన్న కాగిన వాసన వచ్చింది. ఆ తర్వాత బెల్లం. ఆ తర్వాత జీడిపప్పు.

"అయిపోయాయి" అంది మంగతాయారు, కూర్చున్నచోటి నుంచి కదలకుండానే.

స్వామి పళ్ళెం బయటికి తీశారు. అంచులు ఎర్రగా వేగి ఉన్నాయి. నడుమ స్ట్రాబెర్రీ పాకం ఇంకా బుడగలు పోతోంది.

అప్పుడు వినబడింది హారను.

మంచులోంచి ముందు సోములు టార్చిలైటు, దాని వెనకాల జీపు బయటపడ్డాయి. ఒరిగింది క్యాబేజీల ఆటో అట. దారికి అడ్డంగా పడితే అందరూ దిగి లేపారట. "నా చేత కూడా క్యాబేజీలు ఏరించారే కోడలా!" అంటూ అత్తగారు ఒక క్యాబేజీని చంటిపిల్లలా ఎత్తుకుని ఉంది. "ఊరికే ఏరలేదులే, ఒకటి తెచ్చాను."

మంగతాయారు పుట్టింటివాళ్ళది ధాన్యం కొలిచే ఇల్లు. కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. ఆ మాట నోట వస్తే ఇంట్లో ఎవరో ఒకరు కన్నీళ్ళు పెట్టాల్సొస్తుందని.

"లాభం" అంది ఆవిడ. తుమ్ముతూ దిగిన భర్త.

"రెండు." అత్తగారు, క్యాబేజీ కాకుండా.

"మూడు." మరిది. "నాలుగు, ఐదు." కొడుకులిద్దరూ తోసుకుంటూ దిగారు. చిన్నాడు చెయ్యి బాగానే ఆడిస్తున్నాడు. "ఆరు." కూతురు దిగుతూనే "అమ్మా, ఏంటీ వాసన?" అంది.

ఆవిడ లెక్క అక్కడితో సరి.

జీపులో ఇంకొకడున్నాడు. డ్రైవరు దాలినాయుడు. పొద్దున్న వెళ్ళేటప్పుడు, నిద్రమొహం వాడి చేతిలో పెట్టాను నా సంసారాన్ని, అని వాణ్ణి తిట్టుకుంది. అద్దం తుడిచే పుల్ల పనిచెయ్యక దారి పొడుగునా తల బయటపెట్టి నడిపాడట. జుట్టూ కనుబొమలూ తడిసి ముద్దయ్యాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దిగి, చేతులు చంకల్లో పెట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు.

"ఆరున్నొకటి" అంది మంగతాయారు, గొంతులోనే.

"అంటే ఎంత తల్లీ?" అన్నారు స్వామి వెనకనుంచి.

ఆవిడ పెదవులు కదిలాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏడు" అన్నారు స్వామి.

ఏడ్చింది. జీపు బానెట్టు పట్టుకుని, నెల్లాళ్ళ నుంచి బిగబట్టిందంతా ఏడ్చింది.

"ఇదేంటే, అందరం వచ్చేశాంగా!" అని అత్తగారు క్యాబేజీతో సహా కంగారుపడింది.

మంగతాయారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. వేడి టార్టు ఒకటి తీసుకెళ్ళి దాలినాయుడి చేతిలో పెట్టింది. వాడి దగ్గర్నుంచే మళ్ళీ లెక్క మొదలుపెట్టింది.

"లాభం..."