పారేసిన ముక్కల వీణ

ఆస్థాన విద్వాంసుడు సోమయాజులు వీణకు వడ్రంగి సిద్ధోజు తీగలు మార్చాడు, మెట్లు మార్చాడు, చివరికి కుండ, దండి కూడా మార్చాడు. అయినా నాదం పలకడం లేదని విద్వాంసుడు ఫిర్యాదు చేశాడు.

"రేపటికి పలక్కపోతే ఊరు వదిలిపో," అన్నాడు రాజు సిద్ధోజుతో.

మర్నాడు సిద్ధోజు ఇంకో వీణ తెచ్చి కూతురు ముత్యాలు చేతికిచ్చాడు. ఆమె మీటగానే సభంతా నిటారుగా కూర్చుంది. సోమయాజులు ఆగలేక లేచాడు.

"ఇదేనయ్యా నేనడిగిన నాదం. ఈ సరుకు నా వీణకెందుకు వెయ్యలేదు?"

"ఇది మీ సరుకే స్వామీ. మీరు పనికిరావని తీయించినవన్నీ కలిపి బిగించాను."

రాజు నవ్వాపుకుంటూ, "మరి ఆయన వీణకు ఇంకా మార్చనిదేముంది?" అనడిగాడు.

"వాయించే చేతులు ప్రభూ. అవి మార్చడం తమరి పని."

ఆ సాయంత్రం కొలువులో కచేరీ ముత్యాలుది.