నడివీధిలో కొలిమి

ఇటు తిరుగు జానూ. గోడకేసి ముఖం పెట్టి పడుకుంటే కథ నీ వీపుకి చెప్పనా? నాకు తెలుసులే. మీ పిన్ని కూతురు కొత్త సైకిలు మీద గుండ్రంగా తిరిగినంతసేపూ నీ కళ్ళూ దాని వెంటే తిరిగాయి. అన్నం సగంలో వదిలేశావు. సరే, ఇవాళ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాడి కథ చెబుతాను. ఊఁ కొట్టాలి మరి.

అనగనగా ఒక ఊళ్ళో ఒక వీధి. ఆ వీధికి ఆ చివర ఒక అన్న, ఈ చివర ఒక తమ్ముడు. పెదనాన్న బిడ్డ, చిన్నాన్న బిడ్డ. అన్న పేరు మౌనాచారి, ఇనుము పని చేసే కమ్మరి. తమ్ముడి పేరు రుద్రాచారి, కట్టె పని చేసే వడ్రంగి. నాగలంతా తమ్ముడు చెక్కేవాడు. ఆ నాగలి కొసన నేలలోకి దిగే ఇనపముక్క ఉంటుంది చూడు, దాన్ని కర్రు అంటారు. అది అన్న చేసేవాడు.

ఇద్దరూ కలిస్తేనే నాగలి. కానీ జనం నోరు ఎప్పుడూ ఒక వైపే వాలుతుంది కదా. చలి పొద్దున అందరూ మౌనాచారి కొలిమి దగ్గర చేరేవాళ్ళు. చేతులు కాచుకునేవాళ్ళు, ఊరి కబుర్లన్నీ అక్కడే వండేవాళ్ళు. ‘మౌనాచారి కర్రు పెడితే రాతినేల కూడా వెన్నే’ అనేవాళ్ళు. రుద్రాచారి నాగలి మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

అది రుద్రాచారికి కడుపులో కారం పోసినట్టుండేది. మనిషంత నాగలి నేను చెక్కితే దిక్కులేదు, బెత్తెడు ఇనుముకి ఇంత పొగడ్తా అని కుళ్ళిపోయేవాడు. మొదట అన్నని చూసి నవ్వటం మానేశాడు. ఆ తర్వాత పలకరించటం మానేశాడు. ఆ తర్వాత, ఆ వైపు నుంచి సుత్తి చప్పుడు వస్తే కిటికీ మూసుకునేవాడు. ఎండాకాలంలో కూడా!

వాళ్ళావిడ కాళమ్మ నోరు ఊరుకునే రకం కాదు. “నీ కడుపుమంట మీద ఎసరు పెడితే నాకు కట్టెలన్నా మిగులుతాయి,” అనేది.

అప్పుడు ఒకరోజు రుద్రాచారి కట్టె చెక్కే బాడిస కింద పడేసి, “నేనూ కొలిమి పెడతా,” అన్నాడు.

“నీకు ఇనుము పని వచ్చా?”

“బాడిస పట్టినోడికి సుత్తి ఒక లెక్కా?”

“పోనీ, బావగారిని అడిగి నేర్చుకో.”

“నేనా? వాడినా?” అని మూతి మూడు వంకర్లు తిప్పాడు.

అడగటానికి నామోషీ, తొంగి చూడటానికి మాత్రం నామోషీ లేదు. చూశావా తల్లీ, అసూయ ఎంత తిక్కదో! అన్న ఇంటి వెనక తడికకి ఒక కన్నం ఉండేది. దానికి కన్ను ఆనించి మూడుసార్లు చూశాడు.

మొదటిసారి నిప్పులు వేసే గుంట చూశాడు. ఎంత లోతు తవ్వారో, గాలి వచ్చే మట్టిగొట్టం ఎంత కిందికి పెట్టారో కళ్ళతోనే కొలుచుకున్నాడు. రెండోసారి బొగ్గు చూశాడు. అది కట్టెబొగ్గు కాదు, రైలింజన్లకి వేసేవాళ్ళే, ఆ రాక్షసిబొగ్గు. మూడోసారి తిత్తి చూశాడు. తిత్తంటే మేకతోలు సంచి, దాన్ని నొక్కితే బుస్సుమని గాలి కొడుతుంది, నిప్పు రాజుకుంటుంది.

ఆ మూడోసారే ఇంకోటి కూడా కనబడింది. మౌనాచారి నాలుగు దెబ్బలు వేసి ఆగేవాడు, సుత్తి పిడిని నేలకేసి కొట్టి సర్దుకునేవాడు, మళ్ళీ నాలుగు దెబ్బలు వేసేవాడు. ‘ఎంత నిదానమో! దీనికా ఇంత పేరు!’ అని రుద్రాచారి లోపల్లోపల నవ్వుకున్నాడు.

ఆ కొట్టం కూడా అతనికి నచ్చలేదు. చీకటి గుయ్యారం. ఉన్న ఒక్క తలుపుకీ గోనెపట్టా వేలాడేసి ఉంది. ‘గబ్బిలాల కొంపలా ఉంది. నా కొలిమి నడివీధిలో పెడతా. వచ్చేవాడూ పోయేవాడూ అందరూ చూసి చావాలి,’ అనుకున్నాడు.

ఇక మొదలైంది పని. వాగులోకి వెళ్ళి నున్నగా, అందంగా ఉన్న గుండ్రాళ్ళు ఏరి తెచ్చాడు. తడి కూడా ఆరనీయకుండా గుంట చుట్టూ పేర్చాడు. అంటించగానే ఢాం! ఢాం! వాగులో నానిన రాయి నిప్పు తగిలితే పగలదూ? ఒక ముక్క ఎగిరొచ్చి కాళమ్మ నీళ్ళబానకి తగిలింది. బాన రెండు చెక్కలు. ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం లేదు.

అప్పుడు రాళ్ళు తీసేసి బంకమట్టిలో ఊక కలిపి గుంట కట్టాడు. ఎండబెట్టాడు కూడా, పాపం. ఆ తర్వాత రాక్షసిబొగ్గు గంపెడూ ఒక్కసారే గుమ్మరించి అంటించాడు. అబ్బో, పచ్చటి పొగ! వీధి వీధంతా దగ్గు. ఎదురింటి ఎల్లమ్మవ్వ కోడిపెట్ట కూడా తుమ్మిందంటారు. కొంచెం కొంచెంగా అంచుల్లోంచి జరుపుకుంటూ వేయాలని తెలిసేసరికి అతని కనుబొమ్మలు కాలిపోయాయి.

కానీ తిత్తి మాత్రం, నిజం చెప్పాలి జానూ, అలాంటి తిత్తి ఆ చుట్టుపక్కల లేదు. ఎంతైనా వడ్రంగి చెయ్యి. వేపచెక్కలు అద్దంలా చిత్రిక పట్టి, మీద రెండు చిలకలు చెక్కాడు. నొక్కితే గాలి ఎంత ఒద్దికగా వచ్చేదో! దాన్ని చూడ్డానికి జనం వచ్చారు. వాళ్ళు చూస్తుంటే రుద్రాచారి ఛాతీ ఉబ్బింది. ఆ చివర నుంచి అన్న చూస్తున్నాడేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

చూడ్డానికి అందరూ వచ్చారు, కర్రు ఇవ్వటానికి మాత్రం ఎవరూ రాలేదు. ఇంతలో తొలకరి పడింది. నేల మెత్తబడింది. ఆ తడి ఆరేలోపే దున్ని విత్తనం వేయాలి, అదును తప్పితే ఆ ఏడు పంట లేనట్టే. ఊరంతా అరిగిన కర్రులు పట్టుకుని మౌనాచారి గుమ్మం ముందు బారులు తీరింది. రుద్రాచారి తన కొత్త కొలిమి ముందు ఒక్కడే గొంతుక్కూర్చుని ఆ బారు చూసి పళ్ళు నూరుకున్నాడు.

అది ఎల్లమ్మవ్వ చూసింది. ముసలమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒక ఎకరం జొన్నచేను ఉంది. అదే ఆవిడ తిండి. ఆవిడ కర్రు తెచ్చి అతని ముందు పెట్టింది.

“అవ్వా, నాకిస్తున్నావా?”

“నీకే ఇస్తన్నారా రుద్రా. చిన్నప్పుడు నా ఒళ్ళో పెరిగినోడివి. ఎవరో ఒకరు ముందు ఇయ్యాలిగా. రేపు పొద్దున్నే దున్నాల, మరి జాగర్త,” అంది.

రుద్రాచారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. మిట్టమధ్యాహ్నం, మబ్బు విడి ఎండ ఫెళ్ళున కాస్తోంది. కర్రుని నిప్పుల్లో పెట్టాడు, తిత్తి నొక్కాడు. తీసి చూశాడు, నల్లగానే ఉంది. ఇంకా నొక్కాడు. చూశాడు, ఇంకా రంగు రాలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. అప్పుడు నిప్పుల్లోంచి చిటపటా తెల్లటి మెరుపులు లేచాయి. కాకరపువ్వొత్తులే! పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మౌనాచారి కొలిమిలో ఇట్టా ఎప్పుడైనా వచ్చిందా అని అడిగారు.

రానే రాలేదట. ఆ మాట రుద్రాచారికి పాయసం తాగినట్టుంది. ఇంకో నాలుగుసార్లు నొక్కాడు, పిల్లల కోసం.

ఆ తర్వాత కర్రు బయటికి తీశాడు. సుత్తితో ఒక్కటిచ్చాడు. అది సాగలేదు తల్లీ. అటుకుల ఉండలా పొడిపొడిగా రాలిపోయింది. మొన అంతా కాలి, పురుగు తిన్న వంకాయలా మిగిలింది.

పిల్లలు ఎటువాళ్ళు అటు జారుకున్నారు. రుద్రాచారి ముఖం మాడిపోయింది. ఇనుము మంచిది కాదని చెబుదామా అనుకున్నాడు. పక్క ఊరు వెళ్ళి అక్కడి కమ్మరికి చూపిద్దామా అనుకున్నాడు. జ్వరం వచ్చిందని దుప్పటి కప్పుకుని పడుకుందామా అని కూడా అనుకున్నాడు.

కాళమ్మ వచ్చి చూసింది. ఈసారి అరవలేదు. “బాన అయితే పగిలినా ఇంకోటి కొనుక్కుంటాం. పొద్దున్నే ఆ ముసల్ది దున్నకపోతే ఏడాదంతా ఏం తింటది? నీకు ఆ గడప దాటటానికి కాలు రావట్లేదు, అంతేగా,” అంది.

అవును, అంతే. ఆ చివరకి నాలుగు అడుగులు నడవాలంటే ఆ మనిషికి ఏరు ఈదినంత పనైంది. పంచె చెంగులో కర్రు దాచుకుని వెళ్ళాడు. బారులో ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు’ అని ఒకడు గట్టిగానే అన్నాడు. రుద్రాచారి తల వంచుకుని గోనెపట్టా ఎత్తి లోపలికి వెళ్ళాడు.

“అన్నా,” అన్నాడు. చాలా కాలానికి ఆ మాట బయటికి వచ్చింది. “ఇది ఎల్లమ్మవ్వది. నేను పాడు చేశాను.”

మౌనాచారి దాన్ని తీసుకుని తిప్పి చూశాడు. “ఎండలో కాల్చావా?”

“నీకెట్టా తెలిసింది?”

“కూచో,” అన్నాడు అన్న. గోనెపట్టా దించేశాడు. కొట్టమంతా చీకటైంది. ఒక ఇనపముక్క నిప్పుల్లో పెట్టి, “నువ్వు తిత్తి నొక్కు,” అన్నాడు.

రుద్రాచారి నొక్కాడు. ఆ చీకట్లో ఇనుము మెల్లగా దానిమ్మగింజ రంగుకి వచ్చింది. ఆ తర్వాత నారింజ పండు రంగు. ఆ తర్వాత గుమ్మడిపువ్వు రంగు. రుద్రాచారి కళ్ళు ఆర్పకుండా చూశాడు.

“ఈ రంగులన్నీ నీకూ వచ్చాయి. ఎండలో కనబడలా, అంతే. ఎండలో దీపం పెడితే తెలుస్తదా? ఈ గుమ్మడిపువ్వు దాటితే ఇనుము కాలిపోద్ది. కాకరపువ్వొత్తులు వచ్చినయ్యా?”

“వచ్చినయ్యి. పిల్లలు చప్పట్లు కొట్టారు.”

“అది ఇనుము ఏడుపురా,” అన్నాడు మౌనాచారి.

రుద్రాచారికి అప్పుడు అర్థమైంది. అన్న చీకట్లో కూర్చునేది గతిలేక కాదు, రంగు కనబడాలని. తను నడివీధికి ఎక్కింది పని కోసం కాదు.

అప్పుడు మౌనాచారి పాడైన మొన నరికేశాడు. కొత్త ఇనుము తీసుకుని, మిగిలిన దానికి అతకటానికి రెండూ కలిపి కాల్చాడు. గుమ్మడిపువ్వు రంగు వచ్చింది. దాగలి అనే ఇనపదిమ్మ మీద పెట్టి సుత్తి ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకి సుత్తి తల పిడిలోంచి ఊడి, రుద్రాచారి చెవి పక్కనుంచి ఎగిరి గోడకి తగిలింది.

కర్రు చల్లబడిపోయింది. రుద్రాచారి అన్న చేతిలో మిగిలిన పిడి తీసుకుని చూశాడు. నడుమ చీలింది. దానికి పాత గుడ్డ చుట్టి, పైన నులకతాడు బిగించి ఉంది.

“ఈ పిడి ఎవరు పెట్టారన్నా?”

“నువ్వే. ఎప్పుడో. చీలింది.”

“నాకెందుకు చెప్పలా?”

“నీ ఇంటి ముందు రెండుసార్లు నిలబడ్డాను. కిటికీ మూశావు,” అన్నాడు మౌనాచారి.

మూడుసార్లు కన్నం లోంచి చూశాడు కదా జానూ. గుంట చూశాడు, బొగ్గు చూశాడు, తిత్తి చూశాడు. అన్న చేతిలో ఉన్న కట్టె, తను పుట్టి బుద్ధెరిగిన పని, అది మాత్రం కనబడలేదు. రుద్రాచారికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. చీకటే కదా, ఎవరికీ కనబడలేదు.

ఆ తర్వాత పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళి బాడిస, బాగా ఎండిన తుమ్మకట్టె తెచ్చాడు. అక్కడే కూర్చుని పిడి చెక్కాడు. మౌనాచారి చేతిలోకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మళ్ళీ కర్రు కాల్చారు. తమ్ముడు తిత్తి నొక్కాడు, అన్న కొట్టాడు. నేలకేసి సర్దుకునే పని లేదు. ఠంగు ఠంగుమని ఆగకుండా మోగింది.

తెల్లారి ఎల్లమ్మవ్వ చేనులోకి నాగలి దిగింది. అటుగా పోయేవాడు ఒకడు ఆగి, “కర్రు అంత సులువుగా దిగతందే, ఇంతకీ ఎవరు చేశారవ్వా?” అని అడిగాడు.

“కర్రు వాడిది, నాగలి వీడిది, చేను నాది. మధ్యన నీకేంది, పో,” అంది ఎల్లమ్మవ్వ.

నడివీధి కొలిమి ఏమైందంటావా? ఆ గుంటలో గడ్డి పరిచి ఎల్లమ్మవ్వ తన కోడిపెట్టని పొదగేసింది. వెచ్చగా ఉంటుందని.

ఏంటి? అసూయ పోయిందా అంటావా? పిచ్చితల్లీ, అది అంత తొందరగా పోతుందా? మౌనాచారికే రాలేదనుకున్నావా? తమ్ముడి తిత్తి చూసినప్పటి నుంచి ఆయనకి తన తిత్తి నచ్చటం మానేసింది. ఒకరోజు సిగ్గు విడిచి అడిగాడు. రుద్రాచారి వెంటనే ఇచ్చేశాడు. కానీ చిలకలు గుమ్మం వైపు తిరిగి ఉండాలని, వచ్చినవాళ్ళందరికీ ముందు అవే కనబడాలని షరతు పెట్టాడు. గోనెపట్టా ఎత్తగానే కనబడేవట.

సైకిలు ఒక్కసారి ఎక్కనిస్తుందా అంటావా? అడిగితేగా తెలిసేది. రేపు అడుగు. ఇప్పుడు ఆ కిటికీ కొంచెం తీసి ఉంచనీ, గాలి వస్తుంది. కళ్ళు మూసుకో.

కర్రు చేనులోకి,
పిడి సుత్తిలోకి,
కోడి గుంటలోకి,
కథేమో కంచికి,
మనమేమో దుప్పట్లోకి.