మిగిలిన తీగ

కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో ఒక మండల రెవెన్యూ ఆఫీసుకు, కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే మోడెమ్ వచ్చింది. ఎమ్మార్వో పట్టాభిరామారావు గారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తానే బిగించారు. చివర్లో ఒక తీగ మిగిలితే బీరువాలో పెట్టి తాళం వేశారు. మోడెమ్ పలకలేదు.

"నీ చీపురు తగిలే పాడైంది. రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నారు, ఆఫీసు ఊడ్చే నూకాలమ్మతో.

"అలాగే బాబూ. ఆ సంగతి జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేయండి."

మోడెమ్‌కు తగిలించిన ఫోనే ఆయన ఎత్తారు. అందులో చప్పుడే లేదు.

"గోడకీ మోడెమ్‌కీ మధ్య తీగే లేదు కదండీ. మాటెలా వెళ్తుంది?" అంది నూకాలమ్మ.

"ఆ తీగేం చేశావ్?"

"నా చీపురే మీ బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంది బాబూ. తాళంచెవి మీ జేబులో ఉందేమో చూడండి."