ఏరు ఎందుకు వంకర్లు తిరిగింది?

ఒకప్పుడు ఏళ్ళన్నీ తిన్నగా పారేవి. కొండ దిగిన ఏరు బిగించి కట్టిన తాడులా సూటిగా సముద్రంలోకి పోయేది. ఎక్కడా ఒక్క వంపు ఉండేది కాదు.

అలాంటి ఓ ఏటికి ఈ ఒడ్డున పైడమ్మ, ఆ ఒడ్డున ఆమె మరిది అప్పలసూరి ఉండేవాళ్ళు. నీళ్ళ పక్కనే పైడమ్మకు దోసపాదులు పెట్టుకున్న ఓ చెక్క నేల ఉంది. చిన్నదే. కానీ ఆమె కూడూ గుడ్డా అంతా అదే.

మొదట్లో రెండు ఒడ్లూ కలిసి ఒకే ఊరు. ఒకసారి పశువుల మేత దగ్గర తగువొచ్చింది. పెద్దలు కూర్చుని, "ఇక ఏరే మన హద్దు. ఇటుది మీది, అటుది మాది" అని తేల్చేశారు. ఏటిని మాత్రం ఎవరూ అడగలేదు. హద్దులు గీసేవాళ్ళు ఎప్పుడు ఎవర్ని అడిగారు గనక!

ఆనాటినుంచి పైడమ్మకు అనుమానం పట్టుకుంది. నిన్నటిదాకా నీళ్ళిచ్చిన ఏరు ఇవాళ దొంగలా కనబడింది. పొద్దున్నే వెదురుగడ పట్టుకుని చెక్కంతా కొలిచేది.

"జానెడు తగ్గింది! ఆ సూరిగాడు నిన్ను నామీదికి ఉసిగొల్పాడు కదూ?"

"నేనేం ముట్టుకోలేదమ్మా. ఎండకు నీ మన్ను బీటలేసి రాలింది" అంది ఏరు.

"నీ మాట నమ్ముతానా? వాళ్ళ ఒడ్డు కూడా తడుపుతున్నావుగా!"

నమ్మలేదు. తాటిమొద్దులు తెచ్చి ఏట్లోకి అడ్డంగా పాతింది. మధ్యలో ముళ్ళకంప కూరింది. నీళ్ళు వాటికి కొట్టుకుని అవతలి ఒడ్డుమీద పడ్డాయి. అప్పలసూరి వంగతోట పెళ్ళలు పెళ్ళలుగా విరిగి ఏట్లో కలిసింది.

"ఏం వదినా! మన్ను తినేంత ఆకలా నీకు?" అని అరిచాడు అప్పలసూరి.

"నీకంటే తక్కువేలే మరిదీ!"

అతనూ ఊరుకోలేదు. కాస్త ఎగువన, తన ఒడ్డున, ఇంకా పెద్ద మొద్దులు పాతాడు. అది చూసి దిగువ ఊళ్ళవాళ్ళకూ అనుమానం పుట్టింది. వాళ్ళూ పాతారు. ఏటిని ఇటువాళ్ళు అటు తోస్తే, అటువాళ్ళు ఇటు తోశారు. పాపం, ఏరు దెబ్బలు తిన్న పాములా మెలికలు తిరిగింది.

అంతలో వరదొచ్చింది. అప్పలసూరి మొద్దులకు తగిలిన నీళ్ళు విసురుగా వచ్చి పైడమ్మ చెక్కమీద పడ్డాయి. పాదులూ పోయాయి, మొద్దులూ పోయాయి, చెక్కే పోయింది.

వరద తీశాక చూస్తే, అవతలి ఒడ్డున, కొట్టుకొచ్చిన మన్నుతో కొత్త మేట. దానినిండా దోసమొలకలు! పైడమ్మ పడవెక్కి పరుగున పోయింది. అప్పటికే అప్పలసూరి దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లే! ఇది నా మన్ను."

"మన్ను నీదే కావచ్చు వదినా, చోటు నాది. ఏరే హద్దన్నారుగా పెద్దలు."

"అలాగా! అయితే దిగువన మా ఒడ్డు మేటలో నీ వంగమొక్కలు లేచాయి. అవి నావేనన్నమాట!"

అప్పలసూరి గబుక్కున మేట దిగాడు. ఇద్దరూ ఏటివైపు తిరిగారు.

"మొద్దులన్నీ పీకేస్తాం తల్లీ. మళ్ళీ తిన్నగా పారు" అంది పైడమ్మ.

"పారను" అంది ఏరు. "తిన్నగా పారబట్టే నన్ను హద్దుగీత చేశారు. గీత దొరికితే చాలు, చెరో పక్క నిలబడి కరుచుకుంటారు. ఇక మీకు గీత దొరకదు. నీ మన్ను అటుంది, అతని మన్ను ఇటుంది. కావాలంటే దాటి వెళ్ళి దున్నుకోండి."

తక్కిన ఏళ్ళన్నీ ఆ మాట విన్నాయి. బాగుందనుకున్నాయి.

అప్పటినుంచే ఏ ఏరూ తిన్నగా పారదు. ఓ ఒడ్డు కోసి ఎదుటి ఒడ్డున మేట వేస్తూ, వంకర్లు తిరుగుతూనే పోతుంది. ఏటివార ఊళ్ళ రైతులేమో నాగళ్ళు పడవల్లో వేసుకుని, ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ, ఈనాటికీ అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ దాటుతూనే ఉన్నారు.