నీటిగుర్రం దారిలో గుడారాలు

ఆఫ్రికాలో ఒక చిత్తడి అడవి ఉంది. అక్కడి వరద తీరే వేరు. వానలు కురిసేటప్పుడు రాదు. వానలన్నీ వెలిసి నేల నెర్రెలిచ్చాక, ఎక్కడో దూరపు కొండల్లో నెలల కిందట కురిసిన నీళ్ళు మగపెళ్ళివారిలా ఆలస్యంగా, నింపాదిగా వస్తాయి. వచ్చాయంటే గడ్డి మైదానాలన్నీ మునుగుతాయి. పొడిగా మిగిలేవి అక్కడక్కడ నాలుగు దిబ్బలు. ఆ రోజుల్లో దిబ్బ మీద చోటున్నవాడే అక్కడ మోతుబరి.

అలాంటి ఒక దిబ్బ మీద, తుమ్మచెట్టు కింద బొరియలో ఒక అడవిపంది కాపురం ఉంటోంది. మొహం నిండా బుడిపెలు, పైకి వంగిన కోరలు, పరుగెత్తితే నిటారుగా లేచే తోక. అందగత్తె అని ఎవరూ అనలేదు, తనూ అనుకోలేదు. నెలైనా నిండని పిల్లలు నలుగురు ఉన్నారు. వాళ్ళని ముందు లోపలికి పంపి, తను వెనక్కి వెనక్కి నడుస్తూ దూరి, కోరలు గుమ్మానికి అడ్డంగా పెట్టుకుని పడుకునేది.

ఒకరోజు పొద్దున్నే బయటికొచ్చి చూస్తే గుమ్మం ఎదుట మూడు కర్రలు పాతి ఉన్నాయి. ఒక్కో కర్రకి ఒక ఎర్రగుడ్డ పీలిక. వాటి పక్కనే నక్క, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"ఏంటి తమ్ముడూ ఇవి? ఇదేమన్నా చేనా, దిష్టిబొమ్మలు పాతడానికి?" అంది పంది.

"దిష్టి కాదక్కా, అదృష్టం! ఐదో రోజుకి ఇక్కడ గుడారాలు లేస్తాయి. సఫారీ వాళ్ళు వస్తున్నారు."

"జీపుల వాళ్ళా?"

"జీపులెక్కేది మామూలు జనం. వీళ్ళు గొప్పోళ్ళు. విమానమెక్కి, సముద్రాలు దాటి వస్తారు."

"దేనికి?"

"నడవడానికి."

"వాళ్ళ ఊళ్ళో నేల లేదా?"

నక్క జాలిగా చూసింది. "నీకు చెప్పినా బోధపడదులే. గైడు మొలెఫే తుపాకీ పట్టుకుని ముందు నడుస్తాడు. వీళ్ళు వెనకాల ఒకరి అడుగులో ఒకరు అడుగేసుకుంటూ వస్తారు. పొద్దుగూకేసరికి కొత్త చోట గుడారాలు తయారు. గుడారమంటే గోనెపట్టా అనుకునేవు! కింద తివాచీ, తెల్లదుప్పటేసిన మంచం, రాగి గంగాళంలో వేణ్ణీళ్ళు. కాళ్ళున్న తొట్టి కూడా తెస్తారు, స్నానానికి."

"చుట్టూ ఇన్ని నీళ్ళుంటే తొట్టెందుకు?"

"ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయి కదక్కా. మూడేళ్ళుగా ఆ క్యాంపుని అంటిపెట్టుకుని ఉన్నాను. మొలెఫే వాళ్ళకి చెప్పే జాగ్రత్తలన్నీ నాకు కంఠతా వచ్చు. వంటవాడికైతే నేను కనబడకపోతే తోచదు."

నిజానికి నక్క కనబడినప్పుడల్లా ఆ వంటవాడు గరిటె విసిరేవాడు. ఆ గరిటెకి అంటిన గుజ్జు నాకడాన్నే నక్క ఉద్యోగం అనుకుంటోంది.

"మరి నా బొరియ?" అని అడిగింది పంది.

"సరిగ్గా దాని మీదే భోజనాల బల్ల వేస్తారు. గోతిలో పడి దొరల కాళ్ళు విరక్కూడదు కదా, మట్టి పోసి పూడ్చేస్తారు. నా మాట విని రేపే పిల్లల్ని తీసుకుని రెల్లుదిబ్బకి వెళ్ళిపో. నువ్వు ముందు నడు. పిల్లలు తప్పిపోకుండా నేను వెనక నడుస్తాను."

చెబుతూనే నక్క పిల్లల వంక చూసింది. ఒకటి, రెండు, మూడు అని చూపు జరుపుకుంటూ వెళ్ళి, అన్నిటికన్నా బక్కగా ఉన్న నాలుగోదాని మీద ఆపింది. పందికి ఒళ్ళు మండిపోయింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట నీలాంటివాడే! రెల్లుదిబ్బ దాకా నా మెడలోతు నీళ్ళు. నా పిల్లలకి అది సముద్రం. నేను కదలను. ముందు నువ్వు లే ఇక్కడినుంచి!"

"ఏనుగులే దారిచ్చి తప్పుకుంటుంటే నువ్వెంత?" అంటూ నక్క తోక ఊపుకుంటూ పోయింది.

పంది ముందు చేసిన పని, మూడు కర్రల్నీ కోరలతో పీకి నీళ్ళలో పారేయడం. మధ్యాహ్నం పడవలో వచ్చిన క్యాంపు మనిషి వాటిని ఏరుకొచ్చి, ఈసారి ఇంకా లోతుగా పాతి వెళ్ళాడు.

అప్పుడు పంది వీపు మీద పిడుదులు ఏరుకు తింటున్న పిట్ట నోరు విప్పింది. ఆ పిట్ట అందరి వీపుల మీదా వాలుతుంది. అందరి గుట్టూ దానికి తెలుసు.

"కర్రల మీద కోపమెందుకు వదినా? పాతినవాడి మనసు మారాలిగానీ."

"వాడి మనసు నా చేతిలో ఉందా?"

"కిందటేడు రెల్లుదిబ్బ మీద సగం గుడారాలు లేచాక, ఆ మొలెఫేనే దగ్గరుండి పీకించాడు. ఎందుకనుకున్నావు? పక్కనే నీటిగుర్రం నడిచే దారి కనిపించింది. దాని దారిలో గుడారం వేసిన గైడు ఈ అడవిలో ఇంతవరకూ పుట్టలేదు."

పంది చెవులు నిక్కబొడుచుకున్నాయి. దిబ్బకి ఈ పక్క మడుగులోనే ముసలి నీటిగుర్రం ఉంటుంది. రోజూ సాయంత్రం దిబ్బ చుట్టూ తిరిగి, అవతలి పచ్చికకి మేతకి పోతుంది. ఎండ ముదరక ముందే మళ్ళీ చుట్టూ తిరిగి మడుగుకి వస్తుంది. దిబ్బ నడినెత్తిన ముళ్ళపొదలు దట్టంగా ఉండబట్టే ఆ తిప్పలు.

ఆ సాయంత్రమే పంది మడుగు ఒడ్డున నిలబడింది.

"పెద్దయ్యా, దిబ్బ మీదుగా మేతకి అడ్డదారి వేస్తాను. నడుస్తావా?"

నీటిగుర్రం ముక్కుల్లోంచి నీళ్ళు చిమ్మింది. "ఉత్తపుణ్యానికి దారులేసేవాళ్ళని నేను నమ్మను. నీకేంటి లాభం?"

"నువ్వు నడిచిన చోట మనుషులు గుడారం వెయ్యరంట. నా బొరియ నిలబడుతుంది. నీ మోకాళ్ళ మీద జాలితో కాదు, నా పిల్లల కోసమే అడుగుతున్నా."

నీటిగుర్రం ఒడ్డుకి దగ్గరగా వచ్చింది. "నిజం చెప్పావు కాబట్టి వస్తాను. కానీ ఒక్క ముల్లు కాలికి తగిలిందా, మళ్ళీ ఆ దిక్కు చూడను. అసలే నాకు కోపమెక్కువ."

"ఆ సంగతి అడవంతా తెలుసులే పెద్దయ్యా."

మర్నాడు పొద్దెక్కగానే పంది పనిలోకి దిగింది. దాని జాతి తీరే అంత, ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద కూర్చుంటేగానీ నేల తవ్వలేదు. మోకాళ్ళు ఆనించి, ముట్టె దూర్చి, ఒక్కో పొదనీ వేళ్ళతో సహా పెకలించింది. పెకలించిన ముళ్ళమండల్ని ఈడ్చుకెళ్ళి దారి పక్కన కుప్ప వేసింది. మధ్యమధ్య బొరియకి పోయి పిల్లలకి పాలిచ్చి, మూతికి దిగిన ముళ్ళతోనే మళ్ళీ వచ్చింది. పుట్టుకతోనే మోకాళ్ళ మీద ఉన్న కాయలు కూడా అరిగి నెత్తురు కారింది.

నక్క అక్కడున్న పెద్ద చెదపుట్ట మీద కూర్చుని వినోదం చూసింది. "ఏంటక్కా, దొరలు నడవడానికి బాట వేస్తున్నావా? నీక్కూడా క్యాంపులో ఉద్యోగం కావాలంటే నాతో చెప్పకపోయావా!"

పంది తలెత్తలేదు. బదులు చెప్పే ఓపికని ఇంకో పొద మీద ఖర్చు పెట్టింది.

మూడో రోజు సాయంత్రానికి దారి పూర్తయింది. నీటిగుర్రం అనుమానంగా ఒక్కో అడుగే వేసుకుంటూ దిబ్బ ఎక్కి, అవతల దిగింది. దారి పొడుగునా అలవాటు ప్రకారం పొట్టి తోకని విసనకర్రలా తిప్పుతూ పేడని ఎడాపెడా పొదల మీదికి చిమ్మింది. ఇంటికి సున్నం కొడుతున్నంత సంతోషంగా చూసింది పంది. మర్నాటి సాయంత్రం నీటిగుర్రం మళ్ళీ నడిచింది, మళ్ళీ చిమ్మింది.

ఆ వాసనకి నక్క ఒక్క గెంతులో పుట్ట దిగింది. దానికి అప్పుడు వెలిగింది. మొలెఫే ఈ పేడ చూశాడంటే గుడారాలుండవు. గుడారాలు లేకపోతే గరిటె లేదు. పిల్లల్ని తీసుకుని పంది నీళ్ళలో దిగడమూ ఉండదు.

ఐదో రోజు తెలతెలవారుతుండగా, బొరియలో పంది ఇంకా నిద్ర లేవక ముందే, నక్క ఒళ్ళు వంచింది. పుట్టాక అది కష్టపడి పనిచేసింది అదొక్కరోజే. దారి పక్కనున్న ముళ్ళమండల్ని ఒక్కొక్కటే ఈడ్చి దారికి అడ్డంగా పరిచింది. పొదల మీది పేడని ఎండుగడ్డితో కప్పింది. అడుగుల గుర్తుల్ని తోకతో ఊడ్చింది. అంతా అయ్యాక, మడుగుకీ ముళ్ళకీ మధ్య దర్జాగా కూర్చుని దొరల కోసం ఎదురుచూసింది.

ఎండ మొహాన పడి పంది బయటికి తల పెట్టేసరికి మనుషులు దిబ్బ ఎక్కేస్తున్నారు. ముందు మొలెఫే, గాలివాటం తెలుసుకోడానికి చిన్న గుడ్డసంచి దులిపి బూడిద ఎటు ఎగురుతుందో చూసుకుంటూ వస్తున్నాడు. వెనకాల టోపీలు పెట్టుకున్న ఆరుగురు. దూరంగా కాలవలో మంచాలూ తివాచీలూ మోసుకొస్తున్న పడవలు. పంది దారి వైపు చూసింది. దారి లేదు.

"చూశావా అక్కా!" అని అరిచింది నక్క. "ఇప్పటికైనా పిల్లల్ని తీసుకుని నీళ్ళలో దిగు. నేను వెనకే వస్తాను!"

మొలెఫే కర్రల దగ్గర ఆగి నేలంతా కలయజూశాడు. తల ఊపాడు. చెయ్యెత్తి పడవల వాళ్ళని రమ్మన్నాడు.

పందికి ఏడుపొచ్చింది. మనిషికి ముప్పై అడుగుల దూరంలో ఏ అడవిపందీ నిలబడదు. అయినా అది తోక నిటారుగా లేపి, బొరియలోంచి దూసుకొచ్చి, తుపాకీ ఎదుటే ఆ పచ్చి పుళ్ళున్న మోకాళ్ళ మీద కూలబడింది. కోరలతో ఒక మండని ఎత్తి అవతల పడేసింది. ఇంకో మండ. ఇంకోటి.

"దానికి పిచ్చెక్కిందా?" అని గుసగుసలాడింది టోపీవాళ్ళలో ఒకావిడ.

మొలెఫే మాత్రం ముళ్ళు తొలగిన చోట తెల్లగా బయటపడ్డ బాట వంక చూస్తున్నాడు.

అప్పుడే అవతలి పచ్చికలో మేసి, కడుపు నిండి, ఎండ చురుక్కుమంటుంటే మడుగు కోసం తొందరపడుతూ నీటిగుర్రం దిబ్బ ఎక్కింది. పంది పక్కకి తప్పుకుంది. నీటిగుర్రం ముందుకాలు మిగిలిన ముళ్ళ మీద పడింది.

"ఎవడ్రా నా దారిలో ముళ్ళు పరిచింది?"

తలెత్తి చూస్తే తనకీ మడుగుకీ నడుమ నక్క కూర్చుని ఉంది. నీటిగుర్రానికీ నీళ్ళకీ మధ్య ఎప్పుడూ నిలబడకండి అని మొలెఫే రోజూ దొరలకి మొదట చెప్పే జాగ్రత్త. మూడేళ్ళుగా రోజూ విన్నా నక్కకి అది తన కోసం కూడా అని తోచలేదు. దొరల కోసమనుకుంది.

"పెద్దయ్యా, నేను క్యాంపు మనిషిని…" అంటుండగానే కొండ కదిలొచ్చినట్టు వచ్చింది నీటిగుర్రం. మూతితో ఒక్క విసురు విసిరింది. నక్క గాలిలో రెండు పిల్లిమొగ్గలు వేసి, పంది అవతల పడేసిన ముళ్ళకుప్ప మీద వెల్లకిలా పడింది. నీటిగుర్రం వెనక్కి తిరిగి, దాని మీద తోక విసనకర్ర కూడా తిప్పి, ఆ తర్వాతే మడుగులో దిగింది.

మొలెఫే అప్పటికే ఆరుగుర్నీ పుట్ట చాటుకి లాగేశాడు. మడుగు సద్దుమణిగాక వచ్చి, గడ్డి తొలగించి పేడని వేలితో నలిపి చూశాడు.

"నిన్నటిది. దాని కింద మొన్నటిది. ఇక్కడ పడుకుంటే రేపు పొద్దున మంచాలతో సహా మడుగులో తేలతాం. ఈతచెట్ల దిబ్బకి పోదాం పదండి."

"మరి మనం ముందే పాతిన కర్రలు?" అంది టోపీ ఆవిడ.

"కర్రలు మనవి. దారి దానిది." అంటూ మొలెఫే తన చేత్తోనే మూడింటినీ పీకేశాడు.

పడవలు మళ్ళాయి. మధ్యలో లోతు కాలవ, కాలవ నిండా మొసళ్ళు. నక్కకి అటు దారి లేదు. ఆ వారమంతా సాయంత్రం కాగానే ఈతచెట్ల దిబ్బ మీంచి కాల్చిన మాంసం వాసన తేలివచ్చేది. నక్క ఇవతలి ఒడ్డున చొంగ కారుస్తూ నిలబడేది. కూర్చోడానికి లేదు, వెనకభాగం నిండా ముళ్ళే.

"కాస్త ఇవి ఏరిపెట్టు తల్లీ" అని పిట్టని బతిమాలింది.

"నేను పిడుదులే ఏరతాను బాబూ, ముళ్ళు కాదు. అయినా అవి నువ్వు పరుచుకున్నవేగా" అని పిట్ట ఎగిరిపోయింది.

తుమ్మచెట్టు కింద పంది నలుగురు పిల్లల్నీ లెక్క చూసుకుని లోపలికి పంపింది. మోకాళ్ళు సలుపుతున్నా తృప్తిగా వెనక్కి వెనక్కి దూరి, కోరలు గుమ్మానికి పెట్టి కళ్ళు మూసుకుంది.

ఒకరి గూడు పూడ్చి విందు చేసుకోవాలని చూసేవాడికి విందూ దక్కదు, కూర్చునే సుఖమూ దక్కదు.