అసిరమ్మ అంగిలి

పట్నాయక్ గారికి ఒక అలవాటుంది. నోటి క్యాన్సర్‌కు కత్తి పట్టే ముందు, కంప్యూటర్ చేసిచ్చిన దవడ నమూనాను తీసుకెళ్ళి, ఆ దవడ ఎవరిదో వాళ్ళ చేతిలోనే పెడతారు. పక్కన నిలబడి వాళ్ళేమంటారో వింటారు. ఆయన దగ్గర శస్త్రచికిత్స నేర్చుకుంటున్న డాక్టర్ తారిణికి ఈ తతంగం శుద్ధ కాలయాపనగా తోచేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "సార్, త్రీడీలో పొడవు, వెడల్పు, లోతు అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చేశాక, ఇంకా పేషెంటును అడిగేదేముంది? వాళ్ళకేం తెలుస్తుంది?"

ఆయన వాదన పెట్టుకోలేదు. "అసిరమ్మ నమూనా సిద్ధమైంది కదా. ఇవాళ నువ్వే ఇచ్చి రా" అన్నారు.

అసిరమ్మ చేపలమ్మే మనిషి. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడంలో నలభై ఏళ్ళ అనుభవం ఆమెది. పదిరోజుల కిందట అంగిట్లోంచి గడ్డ తీశారు. తీసిన ముక్కను ల్యాబ్‌వాళ్ళు అన్నివైపుల నుంచీ స్కాన్ చేసి, ఒక అంచున క్యాన్సర్ ఇంకా మిగిలే ఉందని తేల్చారు. తారిణి రెండురోజులు కూర్చుని, ఆ ముక్కను నోటి స్కాన్‌లో మళ్ళీ దాని చోట అమర్చి, చెడ్డ అంచుకు ఎర్రరంగు వేసి, నమూనా అచ్చు తీయించింది. అచ్చులో ఎరుపు కుడివైపు పడింది. మర్నాడు ఆపరేషన్‌లో కుడి అంచూ, దాన్ని ఆనుకున్న రెండు దవడపళ్ళూ తీసేయాలని కాగితం కూడా తయారైంది.

అసిరమ్మ నమూనాను తిప్పి తిప్పి చూసింది. "ఇదేటమ్మా, పీత డొప్పా?"

"మీ అంగిలేనమ్మా."

అసిరమ్మ వేలు నోట్లో పెట్టుకుని తడుముకుంది. తర్వాత అదే వేలితో నమూనానూ తడిమింది. మాట ముక్కుతో వస్తోంది గానీ పదును తగ్గలేదు. "నాది కాదు. ఇంకెవుల్దో తెచ్చినావు."

తారిణి ఓపిగ్గా నవ్వింది. ఆ నవ్వు కూడా వైద్యవిద్యలో నేర్పుతారు. "కంప్యూటర్ తీసిందమ్మా. పొరపాటుండదు."

"నలబై ఏల్లు ఈ నోట్లో నిప్పెట్టుకున్నది నానా, నీ కంప్యూటరా? నా కోరపన్ను ఊడింది ఎడంపక్క. ఈ బొమ్మకి కుడిపక్క ఊడిపోనాది. ఊడిన పన్ను సందు ఇటునుంచటు నడిసెల్తాదేటి?" అని నోరు బార్లా తెరిచింది.

సందు ఎడమవైపే ఉంది. తారిణికి అప్పుడు గుర్తొచ్చింది. అచ్చుకు పంపేముందు తెర మీద చూసుకున్నప్పుడు అసిరమ్మ ఎడమ తన కుడిచేతి వైపు కనిపించింది. ఎదురుగా కూర్చున్న మనిషికి అలాగే కనిపిస్తుందన్నది ఆ క్షణాన తట్టలేదు. పాపం కంప్యూటర్ తప్పు చేసిందనుకుని, అద్దం బొమ్మ ఉన్న బొత్తాం నొక్కి దాన్ని దిద్దింది. పళ్ళూ, అంగిలీ, ఎర్ర అంచూ అన్నీ కలిసికట్టుగా పక్కలు మార్చుకున్నాయి. మర్నాడు గట్టిపళ్ళు రెండు పోయేవి, క్యాన్సర్ మాత్రం ఎడమవైపు నిక్షేపంలా ఉండేది. అది తలచుకోగానే ఆమెకు ఏడుపొచ్చింది.

పరుగున వెళ్ళి, బొత్తాం సంగతి కూడా దాచకుండా గురువుగారికి చెప్పేసింది. ఆయన వెంటనే వచ్చి అసిరమ్మ నోరు స్వయంగా చూసి, పాత కాగితం చింపి, కొత్తదానిలో 'ఎడమ' అని పెద్దక్షరాలతో రాశారు. "పిల్లని తిట్టకు బాబూ, బొమ్మ మా సక్కగా సేసింది" అని అసిరమ్మ సిఫారసు చేసింది.

వరండాలోకి వచ్చాక తారిణి చేతులు కట్టుకుని నిలబడింది. "నమూనా తిరగబడిందని మీకు ముందే తెలుసు కదూ సార్? నాకు బుద్ధి రావాలనే పంపారు."

పట్నాయక్ గారు తెల్లబోయారు.

"నాకెలా తెలుస్తుందమ్మా? నేనూ తెరే కదా చూశాను" అన్నారు.