ఏటిపేట ఇల్లు, కోటపేట మేడ

ఇరవై ఏళ్లు ఉప్పు గంప మోసిన సూరవ్వ, కూడబెట్టిన అరవై వరహాలు కొంగున కట్టుకుని రాజధానిలో ఇల్లు కొనడానికి బయలుదేరింది. సంబరంగా పేటపేటా తిరిగింది. తూర్పుపేటలో ధర విని దండం పెట్టి వచ్చేసింది. ఏటిపేటలో ఒక చిన్న పెంకుటిల్లు తెగ నచ్చింది. కానీ దాని యజమాని వీరభూపతి దొర వంద వరహాలన్నాడు.

"కాస్త తగ్గించండి దొరా!"

"పోయి నీ ఉప్పు గంపలో కాపురం పెట్టుకో!"

ఆ మాటకు ఉడికిపోయి, రాజుగారితోనే చెప్పుకుందామని సూరవ్వ కొలువుకు వెళ్లింది. అక్కడ ఇళ్ల విలువను బట్టి పన్ను వేస్తున్నారు. వీరభూపతి తన కోటపేట మేడ గురించి దీనంగా చెబుతున్నాడు.

"కప్పు కారుతోంది ప్రభూ, గోడల నిండా పాములు. యాభై వరహాలు కూడా చేయదు. ఒట్టు!"

సూరవ్వ గుండె ఎగిరి గంతేసింది. ముందుకు ఉరికి కొంగుముడి విప్పింది.

"మహారాజా, అరవై ఇస్తాను, ఆ మేడ నాకిప్పించండి. పాముల కొంపలో దొరగారు ఇంకో పూట ఉండకూడదు!"

సభ గొల్లుమంది. వీరభూపతి గబగబా అడ్డుపడ్డాడు.

"అది వెయ్యి వరహాల మేడ ప్రభూ!"

"అయితే వెయ్యికే పన్ను కట్టు," అన్నాడు రాజు. "అమ్మా, ఇతను అబద్ధమాడినందుకు ఇతని ఇళ్లలో ఏది కావాలన్నా నువ్వు చెప్పిన ధరకే ఇప్పిస్తాను."

"ఏటిపేట ఇల్లు చాలు మహారాజా. మేడే యాభై చేయనప్పుడు అదెంత? అయినా పది ఇస్తాను."

ఆ సాయంత్రమే సూరవ్వ ఏటిపేటలో సొంత పొయ్యి ముట్టించింది. పొగకు కళ్లు మండుతున్నా ఆమె నవ్వు ఆగలేదు.